నూట ఎనభై నొక్కుళ్ళతో తణుకు ప్రయాణం

ఈ ప్రయాణం గురించి నేను ఇదివరకు చాలామందికి చెప్పాను. ఆత్రేయపురంలో పూతరేకులు చించిన సంగతి, నరసాపురంలో లేసు అల్లే ఆవిడ చేతిలో చివాట్లు తిన్న సంగతి, భీమవరం లాడ్జి దోమల సంగతి అడిగినవారికీ అడగనివారికీ చెప్పాను. తణుకు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నిజానికి నేను మొట్టమొదట దిగవలసిన ఊరు అదే. నా సంచిలో ఆ మూడు రోజులూ ఒక మిక్సీ ఉందన్న మాట కూడా చెప్పలేదు. తణుకూ మిక్సీ లేకుండా ఈ కథ చెప్పి ఇన్నేళ్ళుగా నవ్వులూ కాఫీలూ సంపాదించుకున్నాను. ఇప్పుడు వయసు యాభై దాటింది. ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను.

బయల్దేరే ముందు, రాజమండ్రి

రెండువేల సంవత్సరం దాటాక ఫోటో స్టూడియోల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. పెళ్ళికొడుకు వెనక తాజ్‌మహల్ పెట్టడానికి నా స్టూడియోకి నేనూ ఒకటి కొన్నాను. దాన్ని బిగించడానికి వచ్చినాయన పోతూ పోతూ అందులో ఒక ఆట వేసి వెళ్ళాడు. అరడజను కూలీలతో మొదలవుతుంది. వాళ్ళ చేత బంగారం తవ్వించాలి, కట్టెలు కొట్టించాలి, ఆ రాబడితో ఇళ్ళు కట్టాలి, సైన్యాన్ని పెంచాలి, ఎదుటివాడి కోట కూల్చాలి. ఎదుటివాడు ఇంకో కంప్యూటరు ముందు కూర్చుని అదే పనిలో ఉంటాడు. చదరంగంలోలాగా నీ వంతు, నా వంతు అని ఉండదు. మనం గడ్డం గోక్కుంటూ ఆలోచించినంతసేపూ అవతలివాడి కూలీలు తవ్వుతూనే ఉంటారు. అందుకని చెయ్యి చురుగ్గా ఉండాలంటారు. మౌసుతోనైనా కీబోర్డుతోనైనా నిమిషానికి ఎన్ని నొక్కుళ్ళు నొక్కుతామన్నది ఆటగాళ్ళ లెక్క.

దేవీచౌక్ దగ్గర బాబ్జీ అనే అతను నెట్ సెంటరు నడిపేవాడు. ఆట అయ్యాక మొత్తం ఆటని ఒక ఫైలుగా దాచుకుని మళ్ళీ చూసుకోవచ్చు. ఎవరు ఎక్కడ ఎప్పుడు నొక్కారో అంతా అందులో ఉంటుంది. బాబ్జీ దగ్గర ఆ ఫైలు చూసి నిమిషానికి ఎన్నో లెక్క చెప్పే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. అందరి లెక్కలూ గోడ మీద బోర్డుకి ఎక్కించేవాడు. అందులో పైన నా పేరు, పక్కన నూట ఎనభై. నా తరవాతివాడు నూట పది. డిగ్రీ చదివే కుర్రాళ్ళు నా వేళ్ళు చూడటానికి కుర్చీ వెనక నిలబడేవాళ్ళు. బట్టతల వచ్చాక మనిషికి అంత గౌరవం దొరకడం అరుదు.

ఆ నూట ఎనభై ఎలా వచ్చిందో చెప్పాలి. ఒక సైనికుడిని ఒక చోటికి పంపాలంటే ఒకసారి నొక్కితే చాలు. నేను అదే చోట ఆరుసార్లు నొక్కేవాణ్ణి. ఆట మొదట్లో ఒకే ఇల్లు, ఆరుగురు కూలీలు ఉన్నప్పుడు చెయ్యడానికి ఏ పనీ ఉండదు. అప్పుడు ఒకటి, రెండు, ఒకటి, రెండు అని అంకెల మీద వేళ్ళు తైతక్కలాడించేవాణ్ణి. కూలీలు కదిలేవారు కాదు, ఇళ్ళు లేచేవి కావు. లెక్క మాత్రం లేచేది.

రెండువేల మూడులో బాబ్జీ పోటీ పెట్టాడు. మొదటి బహుమతి మిక్సీ. తణుకు నుంచి నరసింహమూర్తి గారని ఒక పెద్దాయన వచ్చారు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. చివరి ఆట నాకూ ఆయనకీ పడింది. అరగంట కాకముందే నా కోట కూలిపోయింది. బాబ్జీ లెక్క తీశాడు. నాది నూట ఎనభై మూడు. ఆయనది అరవై నాలుగు.

కుర్చీల వెనక గొణుగుడు మొదలైంది. "అరవై నాలుగుతో నూట ఎనభైని ఎలా కొడతారండి? దొంగ సాఫ్ట్‌వేరేదో పెట్టుకొచ్చుంటాడు" అన్నాడొకడు. ఆ ఆటలో మన మనుషులు చూడని చోటంతా చీకటిగా ఉంటుంది. చీకట్లోకి కూడా చూడగలిగే దొంగ ప్రోగ్రాములు అప్పట్లో ఉండేవి. నేను ఎటు నుంచి వస్తానో ఆయనకి ముందే తెలిసిపోయిన మాటా నిజమే. బాబ్జీ నా వంక చూసి, "మీరే చెప్పండి గురువుగారూ, ఎదురుగా ఆడింది మీరు. మీకేమనిపించింది?" అన్నాడు.

"నేనేం చెప్తానండి, పెద్దాయన" అని నవ్వాను.

అంతే. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఫైలు వేసి చూద్దామని ఎవరూ అనలేదు. ఆ నవ్వుకి ఆయన గెలుపు రద్దయింది. మిక్సీ నాకు వచ్చింది. మేష్టారు కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టుకుని, "సరేనండి" అని బస్టాండుకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే స్టూడియోలో ఆ చివరి ఆట ఫైలు పెట్టుకుని ఆటని ఆయన వైపు నుంచి చూశాను. మొదటి నిమిషంలోనే ఆయన ఒక కూలీని నా కోట దగ్గరి చెట్ల వెనక్కి పంపి అక్కడే ఉంచేశారు. ఆ ఒక్క కూలీ నేను చేసేదంతా చూస్తూ నిలబడ్డాడు. మోసం లేదు, మంత్రం లేదు. నేను అటు ఒక్కసారి తొంగిచూస్తే దొరికిపోయేవాడే. చూడలేదు. ఒకటి, రెండు, ఒకటి, రెండు నొక్కుకుంటున్నాను. ఆ ఫైలుని ఫ్లాపీలో వేసి, సొరుగులో పెట్టి, తాళం వేశాను.

రెండేళ్ళు గడిచాయి. మా ఆవిడ ప్రతి పొద్దునా ఆ మిక్సీలో కొబ్బరి పచ్చడి చేసి, "ఎంత మెత్తగా నలుగుతుందో చూడండి" అనేది. నేను ఇడ్లీ పంచదార అద్దుకుని తినేవాణ్ణి. ఆటలో కూడా వరసగా ఓడిపోతున్నాను. అలాంటప్పుడు ఒక ప్రింటింగ్ ప్రెస్ వాళ్ళు క్యాలెండరుకి చేతిపనుల ఫోటోలు కావాలన్నారు. చెయ్యి తిరిగినవాళ్ళని చూసి వేగం మర్మం తెలుసుకోవచ్చు, దారిలో తణుకులో దిగి మాట చెప్పేసి రావచ్చు అనుకున్నాను. మూత వదులైంది, మార్పిస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి మిక్సీని, జార్లని సంచిలో సర్దాను. ఫ్లాపీని పక్కన దోపాను. రాజమండ్రి నుంచి తణుకు బస్సులో రెండు గంటలు. నాకు మూడు రోజులు పట్టింది.

ఆత్రేయపురం

బస్సు బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా లంక తోటల మధ్య నుంచి వెళ్ళింది. పక్క సీటాయన అరటిగెలని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని, నా సంచి వైపు చూసి, "మిక్సీలమ్ముతారాండి?" అన్నాడు. జారు మూత బయటికి కనిపిస్తోంది. రిపేరన్నాను. "రిపేరుకి రాజమండ్రిలో షాపుల్లేవాండి?" అన్నాడు. కిటికీలోంచి గోదావరి చూస్తూ కూర్చున్నాను.

పూతరేకులు చేసే సత్యవతి గారి ఇంటి వెనక వసారాలో బోర్లించిన కుండ, కింద కొబ్బరి ఆకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఇటు నుంచి అటు లాగుతారు. లాగిన వెంటనే తెల్లని పొర ఒకటి లేస్తుంది. దాన్ని తీసి పక్కన పేరుస్తారు. గుడ్డ ముంచడం, లాగడం, తియ్యడం. గడియారం పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి తొమ్మిది. నాకు నిరాశ కలిగింది. ఇంతేనా అనిపించింది.

ఫోటోలు తీశాక, "నేనోసారి వేస్తానండి" అన్నాను.

"ఆయ్, వెయ్యండి. పిండికేముంది" అన్నారావిడ.

గుడ్డ ముంచి కుండ మీద లాగాను. సరిగ్గా పడలేదేమోనని మళ్ళీ లాగాను. రేకు ముద్దయింది. రెండోది చిరిగింది. మూడోది మాడింది. ఆవిడ చీపురుపుల్లతో మాడినదాన్ని తీసేస్తూ, "రెండోసారి దేనికండి లాగుతున్నారు? ఒకసారి పడిందిగా" అన్నారు.

"పడిందో లేదోనని."

"పడిందో లేదో కుండ వంక చూస్తే తెలుస్తదండి. మీరు చూడరు, మళ్ళీ లాగేస్తారు. చెయ్యి ఊరికే ఉండలేదేంటండి మీది?"

వసారాలో పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను పది నెయ్యి పూతరేకులు యాభై రూపాయలకి కొన్నాను. మా ఇంట్లో అరిసెలు పెట్టే డబ్బాలో రేకు ఒక్కటి కూడా నిలవదు, నలిగిపోతుంది. ఇక్కడ పాత కాగితాల మధ్య పొరలు పొరలుగా కట్టి ఇచ్చారు. వెళ్ళేటప్పుడు ఆవిడ, "ఆ మిక్సీ కూడా తమరే తిప్పుతారాండి? మోటారు జాగ్రత్త" అన్నారు.

రావులపాలెంలో తణుకు బస్సు ఎదురుగా ఆగి ఉంది. సగం ఖాళీ. కండక్టరు, "తణుకు, తణుకు, ఎక్కండి" అని నన్నే పిలుస్తున్నట్టు అరిచాడు. ఫోటోలు ఇంకా కావాలి కదా అని నరసాపురం బస్సెక్కాను.

నరసాపురం

రాత్రి పాలకొల్లులో పడుకుని పొద్దున్నే నరసాపురం దిగాను. పెసరట్టు ఉప్మాతో కలిపి ఎనిమిది రూపాయలు. అల్లం పచ్చడి అడక్కుండానే మూడుసార్లు వేశారు. రాజమండ్రిలో రెండోసారి అడిగితే వంటగది వంక చూస్తారు.

లేసు అల్లే కాంతమ్మ గారి ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ దారం కండె, కొక్కెం సూది. కాంతమ్మ గారికి అరవై ఉంటాయి. పక్కావిడతో తోడికోడలి సంగతి చెబుతూ, దారిన పోయే కూరలాయనతో బేరమాడుతూ, నన్ను పైకీ కిందకీ చూస్తూ అల్లుతున్నారు. చేతి వంక ఒక్కసారి కూడా చూడలేదు.

"ఫోటో తీస్తే కూలి పెరుగుద్దా బాబూ?"

"క్యాలెండరులో వేస్తారండి."

"అయితే క్యాలెండరు మేం కొనుక్కోవాలన్నమాట" అన్నారు. అరుగు మీదివాళ్ళు నవ్వారు.

చూడకుండా ఎలా అల్లుతారని అడిగాను. "చూస్తానే. ఇప్పుడేసే గడి చూడను. అది వేళ్ళకి తెలుసు. తరవాతి గడి ఎక్కడ పడాలో చూస్తాను" అని ఒక కన్ను అలా వేసి చూపించారు. నిజమే. రెప్పపాటు కాలం చూపు అల్లిక అంచు మీద పడి, మళ్ళీ కూరలాయన మీదికి పోతోంది. నేను ఆటలో చూసేది ఎప్పుడూ నొక్కిన చోటు. అక్కడ నొక్కానా, అయితే ఇంకో అయిదుసార్లు నొక్కుదాం అని. తరవాత చూడాల్సిన చోటు ఏదో నాకు రెండేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

నూట ఎనభై సంగతి కాస్త గొప్పగా చెప్పాను. ఆవిడ సూది ఆపారు. ఆ పొద్దున ఆవిడ సూది ఆపడం అదొక్కసారే.

"నూట ఎనభైలో విప్పినవెన్ని?"

"విప్పడమేంటండి?"

"తప్పు గడి పడితే విప్పాలిగా. విప్పడానికి కూడా చెయ్యి ఆడుద్ది. దానికి కూలి రాదు. మీకు విప్పినదానికి కూడా కూలిస్తారా?"

ఇస్తారని, మిక్సీ కూడా ఇచ్చారని చెప్పలేక, కెమెరా సర్దుకున్నాను. సంచి ఎత్తుతుంటే జారు అరుగు అంచుకి తగిలి ఠంగుమంది. మూత ఊడి మురుగుకాలవ దాకా దొర్లింది. "ఏంటది?" "మిక్సీ అండి." "నువ్వు ఫోటోలు తీసేవాడివేనా బాబూ?" అన్నారు కాంతమ్మ గారు. మూత కడిగి పెట్టి చూస్తే వదులుగా ఉంది. ఇంట్లో చెప్పిన అబద్ధం ఒకటి అప్పటికి నిజమైంది.

భీమవరం

అక్కడి నుంచి రైల్లో తణుకు వెళ్ళాలంటే భీమవరం మీదుగా వెళ్ళాలి కాబట్టి భీమవరంలో ఆగాను. ఆగక్కర్లేదు. ఆగాను. లాడ్జి గది నూట యాభై. రొయ్యల వేపుడుతో భోజనం చేసి ఊరు తిరిగాను. రొయ్యల చెరువుల గురించి మాట్లాడుకునే మనుషులు ఎక్కడ చూసినా కనిపించారు. మా వైపు వానల గురించి మాట్లాడుకున్నట్టు ఇక్కడ నీటి ఉప్పు గురించి మాట్లాడుకుంటారు.

మర్నాడు పొద్దున రైలుకి రెండు గంటల టైముంది. కాలేజీల వైపు ఒక నెట్ సెంటరు కనిపించింది. గంటకి ఇరవై. లోపల అదే ఆట ఆడుతున్నారు. నేర్చుకున్నది పరీక్షించుకుందామని కూర్చున్నాను. ఎదురు కుర్చీలో రాజు అని ఇంజనీరింగు చదివే అతను.

ఒక చోట ఒకసారే నొక్కాలని ఒట్టు పెట్టుకున్నాను. అయిదు నిమిషాలు నరకం. వేలు దానంతటది లేస్తుంది, దాన్ని పట్టుకుని ఆపాలి. పని లేనప్పుడు అంకెల మీద డాన్సు మానేసి, కాంతమ్మ గారిలా, తరవాత ఏం కావాలో దాని మీద చూపు పెట్టాను. కూలీలు, ఇళ్ళు, సైన్యం, ఎదుటివాడి వైపు ఒకసారి, మళ్ళీ కూలీలు. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఏదో ఒక పని నా కోసం సిద్ధంగా ఉండేది. గెలిచాను. లెక్క తీస్తే డెబ్భై ఒకటి.

"డెబ్భై ఒకటితో కొట్టేశారేంటండి" అని రాజు నవ్వాడు. "తణుకు దొంగమౌసు మేష్టారిలాగా."

"ఎవరాయన?"

"మీకు తెలీదా అండి? రాజమండ్రి పోటీలో చీకట్లో కనిపించే సాఫ్ట్‌వేరు పెట్టుకుని ఆడాడంట. ఎదురుగా ఆడినాయన నూట ఎనభై అంటండి, పెద్ద ఆటగాడు. ఆయన ఎంత మంచోడంటే, పెద్దాయన పరువెందుకు తియ్యడం అని ఒక్క మాట అనలేదంట. నవ్వి ఊరుకున్నాడంట."

నేను నీళ్ళు తాగాను.

"మా చెల్లెలు ఆయన దగ్గర టైపు నేర్చుకుంటానంటే మా నాన్న వద్దన్నాడండి. ఆటలోనే దొంగతనం చేసేవోడు పరీక్షలో ఏం చేయిస్తాడో అని మా ఊరు అత్తిలిలోనే చేర్పించాడు."

ఒక్క నవ్వు రెండేళ్ళలో రాజమండ్రి నుంచి భీమవరం దాకా నడిచి వచ్చింది. ఆ వేగం నిమిషానికి ఎంతో ఎవరూ లెక్క తియ్యలేదు. రెండో ఆటకి కూర్చోమన్నాడు రాజు. రైలుందని లేచాను.

తణుకు

పాసింజరు అత్తిలి దాటి పంచదార ఫ్యాక్టరీ వాసన తగిలేదాకా ఏం చెప్పాలో వరసపెట్టుకున్నాను. దిగేసరికి వరస మర్చిపోయాను.

స్టేషను బయట ఆటో ఆయనతో, "నరసింహమూర్తి గారి టైపు ఇన్‌స్టిట్యూట్" అన్నాను. ఆయనకి తెలియలేదు. పాత టైపు సెంటరు అనీ, తెల్ల చొక్కా పెద్దాయన అనీ చెప్పాను.

"ఓ, దొంగమౌసు మేష్టారా? అలా చెప్పండి మరి. పది రూపాయలివ్వండి."

"ఆ పేరెందుకొచ్చిందండి?"

"నాకేం తెలుసండి, అందరూ అంటారు, మేమూ అంటాం. మంచాయనేనండి. మా ఆవిడ టైపు లోయర్ పరీక్షకి ఆయన దగ్గరే నేర్చుకుంది. అప్పటికింకా ఈ పేరు లేదు."

మా వైపు మనిషికి ఊరు పెట్టిన పేరు ఇంటి పేరు కన్నా గట్టిది. పోస్టు దాని మీదే వస్తుంది, సంబంధం దాని మీదే అడుగుతారు. మా వీధిలో ఒకాయన చిన్నప్పుడు ఒకసారి కల్లు తాగాడు, డెబ్భై ఏళ్ళకి పోయినప్పుడు కూడా కల్లు సూర్నారాయణ గారే పోయారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే నవ్వాను.

ఇన్‌స్టిట్యూట్ మేడ మీద. పన్నెండు టైపు మిషన్లు వరసగా ఉన్నాయి, తొమ్మిదింటి మీద గుడ్డ కప్పి ఉంది. మూల ఒక కంప్యూటరు. ఉమ అనే అమ్మాయి ఒక్కతే కూర్చుని కొడుతోంది. మేష్టారు తల ఎత్తి చూశారు.

"నూట ఎనభై గారు. రండి, కూర్చోండి" అన్నారు.

కూర్చుని పూతరేకుల పొట్లం ఇచ్చాను. ఆత్రేయపురం గురించి చెప్పాను. క్యాలెండరు గురించి చెప్పాను. ఎండలు ముదిరాయన్నాను. భీమవరంలో రొయ్యలు చవకన్నాను. మిక్సీ తీసి బల్ల మీద పెట్టి, ఇది మీదేనన్నట్టు చెయ్యి ఊపాను. మేష్టారు వింటూ కూర్చున్నారు. చివరికి నెమ్మదిగా, "చాలాసేపటి నుంచి కొడుతున్నారండి. కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు" అన్నారు.

ఫ్లాపీ తీశాను. "దీన్లో అంతా ఉందండి. మీరు ఏ మోసమూ చెయ్యలేదని ఇది చూస్తే తెలిసిపోతుంది. ఎవరికైనా చూపించొచ్చు." మూల కంప్యూటర్లో పెట్టాను. అది గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది. చదవలేకపోతున్నానని తెర మీద చూపించింది. మూడు రోజులు మిక్సీ పక్కన కుక్కిన పుణ్యమో, రెండేళ్ళు సొరుగులో చెమ్మ పట్టిన పుణ్యమో. అయిదుసార్లు తీసి పెట్టాను. ఆరోసారి పెడుతుంటే మేష్టారు నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇంక నొక్కకండి. ఫైలు నాకెందుకండి? నేనాడిన ఆట నాకు తెలుసు. మీకూ తెలుసు. ఎప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమేనండి."

మిషను చప్పుడు ఆగింది. ఉమ ఇటు చూస్తోంది.

"పోటీకి ముందు బాచ్‌కి ముప్పై మంది వచ్చేవారండి" అన్నారాయన. "ఇప్పుడు నలుగురు. కంప్యూటర్లొచ్చి సగం మంది పోయారు, అది నేనూ ఒప్పుకుంటాను. మిగతా సగం మీ నవ్వుకి పోయారు. వచ్చే వారం కొత్త బాచ్ చేరే రోజులు. ఈసారీ ఎవరూ రాకపోతే మిషన్లు అమ్మేద్దామనుకుంటున్నాం."

అరవై నాలుగుతో నన్నెలా కొట్టారని అడిగాను. అది తెలివితక్కువ ప్రశ్న అని అడిగాక తెలిసింది. ఆయనకి మాత్రం ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదనుకుంటాను. మొహం కాస్త విప్పారింది.

"మా పరీక్షలో తప్పుకి కోత ఉంటుందండి. ఎంత వేగంగా కొట్టినా తప్పులు తీసేశాకే లెక్క. మీ బాబ్జీ గారి లెక్కలో కోత లేదు. మీ నూట ఎనభైలో అక్కర్లేనివి తీసేస్తే ఎంత మిగులుద్దో ఎప్పుడైనా చూసుకున్నారా?"

"యాభై మిగులుతాయేమోనండి."

"నలభై ఆరు. నేను మర్నాడే కూర్చుని లెక్కపెట్టాను. నా దగ్గరా ఉండేది ఆ ఫైలు."

"మరి ఎవరికీ చూపించలేదేంటండి?"

"దొంగ అన్నాక దొంగ చూపించే కాగితం ఎవరు చూస్తారండి? చెప్పాల్సినాయన వేరే ఉన్నాడు. రెండేళ్ళు చూశాను, వస్తారేమోనని."

భీమవరం నెట్ సెంటర్లో విన్నది చెప్పాను. "ఏం చెయ్యమంటారు మేష్టారూ?" అన్నాను.

ఆయన లేచి ఒక తెలుగు మిషను మీది గుడ్డ తీశారు. తెల్లకాగితం, కార్బను, మళ్ళీ కాగితం, కార్బను, అలా నాలుగు కాగితాలు పేర్చి రోలరుకి ఎక్కించారు. "ఇక్కడ గోడకొకటి, బాబ్జీ గారి గోడకొకటి, భీమవరంలో ఎక్కడ విన్నానన్నారో అక్కడొకటి, మీ స్టూడియోలో ఒకటి. మెల్లగా కొట్టండి. తప్పు కొడితే నాలుగింటి మీదా తప్పే."

తెలుగు మిషను నేనెన్నడూ ముట్టుకోలేదు. అక్షరం ఒక చోట, దీర్ఘం ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఒక్కొక్కటీ వెతికి కొట్టాలి. మొదటి మాట కొట్టి రెండో మాట కోసం ఆలోచిస్తుంటే, పాత అలవాటు, వేలు దానంతటది ఆడింది. కాగితం మీద న, న, న, న అని నాలుగు పడ్డాయి. ఉమ ముందుకి వంగి చూసి, "ఈ నలుగురూ ఎవరండి?" అంది. ఆటలో ఎవరికీ కనపడకుండా లెక్కలో కలిసిపోయిన నొక్కుళ్ళవి. ఇక్కడ నల్లగా నిలబడ్డాయి. మేష్టారు కాగితాలు తీసేసి కొత్తవి ఎక్కించారు. మూడుసార్లు ఎక్కించారు.

లోపల్నుంచి వాళ్ళావిడ కాఫీ తెచ్చారు. బల్ల మీద మిక్సీ చూసి, "ఇదేంటండి?" అన్నారు. "మొదటి బహుమతి" అన్నారు మేష్టారు. ఆవిడ జారు తిప్పి చూసి, "మూత వదులుగా ఉందే" అన్నారు. "అయినా మీరు గెల్చుకున్నది కదా, ఉండనివ్వండి" అని లోపలికి పట్టుకెళ్ళారు. ఇంటికెళ్ళాక మా ఆవిడతో ఏం చెప్పానన్నది ఇంకో ప్రయాణం. మా ఇంట్లో మళ్ళీ రోలు దిగింది, నూరింది నేను.

నాలుగోసారికి కుదిరింది. మొత్తం కొట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. మేష్టారు ఎర్ర పెన్ను తీసి మొదటి కాగితం మీద గీత పెట్టబోయి, ఆగి, పెన్ను జేబులో పెట్టుకున్నారు. "ఒక ఒత్తు పోయింది. ఫరవాలేదండి, చదివితే తెలుస్తుంది" అన్నారు.

బాబ్జీ గోడకి నేనే జిగురు రాసి అంటించాను, పైన నా నూట ఎనభై ఉన్న బోర్డు దించి. భీమవరంలో రాజు చదివి, నా వంక చూసి, రెండో ఆటకి పిలవలేదు. ఆ బాచ్‌కి మేష్టారి దగ్గర పదకొండు మంది చేరారని తరవాత తెలిసింది. ఆటో ఆయన ఇప్పటికీ ఏ పేరుతో పిలుస్తున్నాడో నాకు తెలియదు. నా వంతు కాగితం ఇన్నేళ్ళూ స్టూడియో సొరుగులోనే ఉంచాను, గోడకి పెట్టలేదు. ఇప్పుడు ఇక్కడ పెడుతున్నాను.

"రాజమండ్రి పోటీలో నరసింహమూర్తి మేష్టారు ఏ మోసమూ చెయ్యలేదు. ఆయన న్యాయంగా గెలిచారు, నేను ఓడాను. ఆ సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. అడిగినప్పుడు నవ్వాను, తెలిశాక చెప్పలేదు. బహుమతి ఉంచుకున్నాను. ఆయనకి వచ్చిన చెడ్డపేరు నా వల్ల వచ్చింది. మేష్టారూ, నన్ను క్షమించండి."